అరవై నిండిన స్నేహితుడికి ఏమివ్వాలి?

మన తండాల్లో, గూడేల్లో ఈ పదేళ్లలో ఒక కొత్త పండుగ వచ్చి చేరింది. అది పుట్టినరోజు. పసిపిల్లలకు కేకు కోయడం ఎప్పుడో మొదలైంది. ఇప్పుడు పెద్దవాళ్లకు కూడా యాభై నిండాయని, అరవై నిండాయని రోడ్డు మీద ఫ్లెక్సీలు కడుతున్నారు, శాలువాలు కప్పుతున్నారు, గజమాలలు వేస్తున్నారు. ఇది మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. దీని వెనక ఉన్న ఒక ధర్మ ప్రశ్నను మీ ముందు పెట్టాలనుకుంటున్నాను. మనం ఎంతో ప్రేమించే స్నేహితుడికి అరవై ఏళ్లు నిండినప్పుడు మనం అతనికి ఏం బాకీ ఉంటాం? అసలు బాకీ అనే మాట స్నేహంలో వాడవచ్చా? వాడితే, ఆ బాకీ తీర్చే దారి ఏది?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురైంది కాదు. మా మడకశిర వైపు ఒక సుగాలి తండా బడిలో చాలాకాలం పనిచేసిన ఉపాధ్యాయుడు ఒకాయన ఉన్నారు. నాకంటే పెద్దవారు. నలుగురిలో ‘సార్’ అంటాను, ఇద్దరమే ఉంటే ‘అన్నా’ అంటాను. ఆయన మాతృభాష కన్నడం. మా గోర్ బోలి తండా పిల్లల దగ్గరే నేర్చుకున్నారు. ఆయనకు ఈ ఏడు అరవై. ఆయన దగ్గర చదువుకున్న యువకులు ఘనంగా సన్మానం చేద్దామని, ఇంటికి 500 రూపాయల చొప్పున వసూలు చేద్దామని అనుకున్నారు. వద్దన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాట మీద తండాలో చాలా చర్చ జరిగింది. నాకు మేలు చేసింది ఆ చర్చే. అందులో వచ్చిన వాదాలను, వాటి మీద నా ఆలోచనను వరుసగా చెబుతాను.

పుట్టినరోజు లేనివాళ్ల పుట్టినరోజు

ముందుగా ఒక నిజం ఒప్పుకుందాం. మన పెద్దల్లో చాలామందికి పుట్టినరోజు లేదు. పుట్టారు, కాని ఆ తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. బడిలో చేర్చిన రోజు అయ్యవారు పిల్లవాడిని చూసి, చెయ్యి తల మీదుగా తిప్పి చెవిని పట్టుకోమని చెప్పి, అందితే అయిదేళ్లు నిండాయని లెక్కగట్టి రిజిస్టరులో ఒక తేదీ వేసేవారు. అందుకే మన పాత అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేస్తే సగం తండా జూన్ 1నో జూలై 1నో పుట్టినట్టు కనిపిస్తుంది. బడికి వీలైన తేదీ మనిషికి పుట్టినరోజు అయింది.

మరి మన పెద్దలు వయసు ఎలా చెప్పేవారు? కరువును బట్టి, వానను బట్టి, చెరువు తెగిన ఏడును బట్టి. ‘అమెరికా ఎర్రజొన్నలు తిన్న ఏడు నువ్వు పుట్టినావు’ అని అవ్వ చెబితే అదే జన్మపత్రిక. 1965, 1966 దేశమంతటా కరువు సంవత్సరాలు. అమెరికా నుంచి ఓడల్లో ధాన్యం వచ్చిన కాలం. మా స్నేహితుడు ఆ కాలంలో, పరాభవ నామ సంవత్సరంలో పుట్టారు. తెలుగు సంవత్సరాల పేర్లు ప్రభవ నుంచి అక్షయ వరకు 60. అరవై ఏళ్లు గడిస్తే మళ్లీ అదే పేరు వస్తుంది. 1966లో వచ్చిన పరాభవ 2026లో తిరిగి వచ్చింది. షష్టిపూర్తి అనే ఆచారం వెనక ఉన్న లెక్క ఇదే. చక్రం ఒకసారి పూర్తిగా తిరిగి, మనిషి తాను పుట్టిన ఏటికి మళ్లీ చేరుకున్నాడని.

ఆ పేరు విని ఒక కుర్రవాడు నవ్వాడు. ‘పరాభవం అంటే ఓటమి కదా సార్, ఓటమి పేరుతో పుట్టినవాడికి సన్మానమా?’ అన్నాడు. అదీ ఆలోచించదగ్గ మాటే. కరువులో పుట్టి, కరువు సీమలో పిల్లలకు పాఠం చెప్పి అరవైకి చేరిన మనిషిలో గెలుపు ఎక్కడుంది? మా తండా నాయక్ ఇలా అన్నాడు: ‘పుట్టిన తేదీ ఎవరికి కావాల నాయనా? అరవై ఏండ్లలో ఆయప్ప ఎవురెవురి ఇండ్లల్లో బాటి తిన్నాడో లెక్కబెట్టండి. అదీ వయసు.’ నాకు ఇంతకంటే మంచి నిర్వచనం దొరకలేదు. పుట్టినరోజు తేదీకి సంబంధించింది కాదు. ఆ మనిషి బతుకు ఎంతమంది బతుకుల్లో కలిసిందో ఆగి చూసుకునే సందర్భం. తేదీ తప్పయినా సందర్భం నిజమే.

వద్దన్నవాళ్ల మూడు మాటలు

సన్మానం వద్దన్నవాళ్లు మూడు మాటలు చెప్పారు. మూడూ కొట్టిపారేయదగ్గవి కావు.

మొదటి మాట: స్నేహం పద్దు పుస్తకం కాదు. ‘ఆయన మనకు చేశాడు, మనం ఆయనకు చేద్దాం’ అనుకుంటే అది షావుకారు అంగడి అవుతుంది. ఈ మాటలో నిజం ఉంది. కాని సగమే. అప్పులో రెండు గుణాలుంటాయి. అది తీరిపోతే సంబంధం తెగిపోతుంది. తీరకపోతే తలవంపు. స్నేహంలో ఉండే బాకీకి ఈ రెండూ లేవు. అది ఎన్నటికీ తీరదు, తీరకపోయినా సిగ్గుపడాల్సిన పని లేదు. శ్రీకాకుళం వైపు ‘నేస్తం కట్టడం’ అనే ఆచారం ఉంది. ఇద్దరు నేస్తం కట్టుకుంటే రెండు ఇళ్లూ కలుస్తాయి, మంచికీ చెడ్డకూ ఒకరింటికి ఒకరు పోతారు. అక్కడ ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది, కాని చెల్లు రాసుకోవడం ఉండదు. కాబట్టి సన్మానం బాకీ తీర్చుకోవడం కోసమైతే తప్పు. బాకీ ఉందని ఒప్పుకోవడం కోసమైతే ఒప్పు.

రెండో మాట: సన్మానం స్నేహితుణ్ణి దూరం చేస్తుంది. నిన్నటిదాకా మన అరుగు మీద కూర్చున్నవాణ్ణి తీసుకెళ్లి వేదిక మీద పెద్ద కుర్చీలో కూర్చోబెడతాం. మనం కింద. ఆయన మెడలో దండ, మన చేతిలో సెల్‌ఫోను. ఆ పూటకు ఆయన స్నేహితుడు కాడు, పెద్దమనిషి. మన తండా పంచాయతీలో నాయక్, డావో, కార్బారి ఎంత పెద్దవాళ్లయినా అందరితోపాటు నేల మీదే కూర్చుంటారు. మాట పెద్దది కావాలి గాని కుర్చీ కాదని మన పద్ధతి. ఈ రెండో మాట నాకు చాలా బలంగా అనిపించింది. గౌరవం చూపడం వేరు, ఎత్తులో పెట్టడం వేరు. ఎత్తులో పెట్టినవాణ్ణి మనం దండం పెట్టి మరిచిపోవచ్చు. పక్కన కూర్చున్నవాణ్ణి మరిచిపోలేం.

మూడో మాట: ఖర్చు. మాది వాన నమ్ముకున్న సీమ. వేరుశనగ వేసి మబ్బు వైపు చూస్తాం. పంట పోతే బెంగుళూరుకు కూలికి పోతాం. ఇంటికి 500 అంటే కొన్ని ఇళ్లకు ఒక రోజు కూలి, కొన్ని ఇళ్లకు వారం రోజుల సరుకు. ఇవ్వలేని ఇల్లు సిగ్గుతో అప్పు తెచ్చి ఇస్తుంది. ఒక మనిషిని గౌరవించడానికి మరొక మనిషిని చిన్నబుచ్చితే అది గౌరవం ఎలా అవుతుంది? ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు, అవసరమూ లేదు. అది నేరుగా ఒప్పుకోవలసిన మాట.

మూడు మాటలూ విన్నాక కొందరు ‘అయితే ఏమీ చేయకుండా ఊరుకుందాం’ అన్నారు. ఇక్కడే నేను ఒప్పుకోలేదు. తప్పుగా చేసే గౌరవం ఉందని గౌరవమే వద్దనడం, కల్తీ నూనె ఉందని వంటే మానుకోవడం లాంటిది. చక్కగా చేసిన గౌరవం ఎలా ఉంటుందో చూపే ఉదాహరణ మన తెలుగు నేల మీదే ఉంది. అదీ ఒక ఉపాధ్యాయుడిది, ఆదివాసుల స్నేహితుడిది.

1933: ఒక పంతులు గారి డెబ్బయ్యో పుట్టినరోజు

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చిన్న తరగతులకు ఉపాధ్యాయుడుగా చేరారు. పర్లాకిమిడి చుట్టూ కొండలు, ఆ కొండల్లో సవరలు. ఆయన సంతకు వచ్చే సవరలను చూశారు, వాళ్ల మాట విన్నారు, వాళ్ల భాష నేర్చుకుని వాళ్లకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలనుకున్నారు. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండలెక్కి తిరిగారు. మలేరియా జ్వరాలు పట్టుకున్నాయి. క్వినైన్ మింగి మింగి చెవుడు వచ్చిందని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. భాషను వినడానికి వెళ్లినవాడు వినికిడినే పోగొట్టుకున్నాడు. సవర వాచకాలు రాశారు, పాటలు సేకరించారు. దశాబ్దాల శ్రమ తరవాత 1931లో సవర భాషా వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. నిఘంటువు 1938లో వచ్చింది.

పుస్తకాల్లోని తెలుగు ప్రజలు మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉండాలని ఆయన చేసిన వ్యావహారిక భాషా పోరాటం మీ అందరికీ తెలుసు. నేను ఈ వ్యాసం రాయగలుగుతున్నది, మీరు నిఘంటువు పక్కన పెట్టుకోకుండా చదవగలుగుతున్నది ఆ పోరాటం వల్లే. కాని ఆయన్ను తలచుకునేటప్పుడు తెలుగు వరకే ఆగిపోతాం. సవరల కోసం చేసిన పని వెనక వరుసలో ఉండిపోతుంది.

ఆయనకు జరిగిన గౌరవాలు రెండు రకాలు. ఒక రకం సర్కారు ఇచ్చినవి: 1913లో రావు సాహెబ్ బిరుదు, తరవాత కైజర్-ఇ-హింద్ పతకం. రెండో రకం స్నేహితులు ఇచ్చింది. 1933లో ఆయనకు డెబ్బయ్యేళ్లు నిండినప్పుడు మిత్రులు, శిష్యులు, అభిమానులు సప్తతి ఉత్సవం జరిపారు. పండితుల చేత, పరిశోధకుల చేత వ్యాసాలు రాయించి, వాటిని ఒక సంపుటంగా అచ్చువేసి ఆయనకు సమర్పించారు. ‘వ్యాస సంగ్రహం’ అని దాని పేరు.

ఈ కానుకను కొంచెం నిదానంగా చూడండి. డెబ్బయ్యేళ్ల మనిషికి వాళ్లు ఇచ్చింది బంగారం కాదు, ఆయన బొమ్మ కాదు, ఆయన మీద పద్యాల దండ మాత్రమే కూడా కాదు. ఆయన జీవితమంతా ఏ పని ప్రేమించారో ఆ పనిని మరికొంచెం చేసి తెచ్చి ఇచ్చారు. ‘మీరు నడిచిన దారిలో మేమూ కొంత దూరం నడిచాం, చూడండి’ అన్నారు. రైతు స్నేహితుడికి పూలదండ వేయడం కంటే ఒకరోజు ఆయన చేలో కలుపు తీయడం లాంటిది ఇది. స్నేహితుడు ప్రేమించిన పనిలో మన చెమట కొంత కలిపి ఇవ్వడం. నా దృష్టిలో పుట్టినరోజు కానుకకు ఇది మొదటి సూత్రం.

ఇంకొక సంగతి చెబుతారు. సవర భాషకు చేసిన సేవకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. ఆ డబ్బుతో బడి పెట్టి సవరలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పమని అడిగారు. అంటే, మీరు నన్ను గౌరవించాలనుకుంటే నా వైపు చూడకండి, నేను చూస్తున్న వైపు చూడండి అన్నారు. మంచి మనిషిని గౌరవించడంలో ఉన్న కష్టమంతా ఇక్కడే ఉంది. దండ ఆయన మెడ దగ్గరే ఆగిపోతుంది. ఆయన చూపు మాత్రం ఎక్కడో ఉన్న పిల్లల మీద ఉంటుంది. దండ వేయడం సులువు. ఆ చూపును అనుసరించడం కష్టం. అందుకే మనం దండ ఎంచుకుంటాం.

ఇక ఆదివాసీ ఉపాధ్యాయుడుగా నేను చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. బడుల్లో రామమూర్తి పంతులు పటానికి దండ వేస్తాం. వేయవలసిందే. కాని ఆయన ఇంట్లో కూర్చుని ఒక్కొక్క సవర మాటా పలికి చూపించిన మనిషిని ఆ రోజు ఎవరు తలుస్తున్నారు? కొండ మీద గంజి పోసి, పాట పాడి వినిపించిన అవ్వలను ఎవరు తలుస్తున్నారు? నిఘంటువులోని ప్రతి మాటా ముందు ఒక సవర నోటిలో ఉంది. ఇది పంతులు గారి గొప్పను తగ్గించే మాట కాదు. నేర్చుకున్నవాణ్ణి గౌరవిస్తే నేర్పినవాణ్ణి కూడా గౌరవించినట్టు కావాలి. స్నేహం ఇద్దరి మధ్య ఉంటుంది. ఒకరికే దండ వేస్తే అది స్నేహానికి వేసిన దండ కాదు.

సవరలు ఎవరో వచ్చి రాసిపెడతారని చూస్తూ కూర్చోలేదన్నదీ గుర్తుంచుకోవాలి. 1936లో మంగై గొమాంగో సవర భాషకు ‘సొరంగ్ సొంపెంగ్’ అనే సొంత లిపి తయారుచేశాడు. స్నేహితుడు చేసిన మేలును ఒప్పుకోవడం, మన కాళ్ల మీద మనం నిలబడడం ఒకదానికొకటి అడ్డు కాదు.

వద్దన్న మనిషి, మరిచిపోని ఊరు

సన్మానం వద్దనే మనుషులుంటారు. ఆదివాసులకు, దళితులకు, వెట్టిచాకిరీలో ఉన్నవాళ్లకు ఆత్మబంధువుగా బతికిన ఎస్.ఆర్. శంకరన్ గారు అలాంటివారు. ఐఏఎస్ అధికారిగా పెద్ద పదవులు చేసి, పెళ్లి చేసుకోకుండా, జీతంలో ఎక్కువ భాగం పేద పిల్లల చదువులకు పెట్టిన మనిషి. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. అలాంటి స్నేహితుడు మనకుంటే ఏం చేయాలి? ఆయన మాట వినాలి. ‘వద్దు’ అన్నదాన్ని మొహమాటం కింద కొట్టేసి బలవంతంగా దండ వేయడం మన సరదా తీర్చుకోవడం అవుతుంది. గౌరవం అందుకునేవాడి ఇష్టం తెలుసుకోవడం గౌరవంలో భాగం.

మరోవైపు ఆదిలాబాద్ గోండుల ఊరు మార్లవాయి ఉంది. 1940లలో హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఆ ఊళ్లో ఉండి పనిచేశారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. 1987 జనవరి 11న ఆమె హైదరాబాదులో చనిపోతే మార్లవాయిలో సమాధి చేశారు. తరవాత ఆయన అస్థికలు కూడా అక్కడికే చేరాయి. ఇప్పటికీ ఏటా జనవరి 11న అక్కడ జనం చేరతారు. దూరదేశం నుంచి వచ్చిన ఇద్దరిని ఒక ఊరు తన మనుషులుగా లెక్కలో కలుపుకుంది. బిరుదుల కంటే ఇది పెద్దది. ‘నువ్వు మావాడివి’ అనిపించుకోవడాన్ని మించిన సన్మానం స్నేహితుడికి ఉండదు.

బతికుండగా చెప్పవలసిన మాట

మా మడకశిర నియోజకవర్గంలోనే అమరాపురం మండలంలో హేమావతి ఉంది. ఒకప్పుడు హెంజేరు, నొళంబ రాజుల రాజధాని. ఈ సీమలో పొలాల గట్ల మీద, గుడుల పక్కన వీరగల్లులు కనిపిస్తాయి. పశువులను కాపాడబోయి, ఊరిని కాపాడబోయి చనిపోయినవాళ్ల కోసం నిలబెట్టిన రాళ్లు. వెయ్యేళ్ల కిందటి మనుషులు కూడా మేలు చేసినవాణ్ణి మరిచిపోకూడదనుకున్నారు. గొప్ప సంగతే. కాని రాయి చనిపోయినవాడికి వినపడదు. పక్కన కూర్చుని ‘నువ్వు ఆ రోజు అలా చేయకపోతే మా పశువులు పోయేవి’ అని ఒక్కరైనా బతికుండగా చెప్పారా?

మనం కర్మకాండలకు పూనుకున్నంత ఉత్సాహంగా బతికున్నవాళ్ల దగ్గరికి పోము. పోయినవాడి గురించి మాట్లాడడం సులువు. ఎదురు చెప్పడు, సిగ్గుపడడు, మనం అన్నది అబద్ధమని తల ఊపడు. బతికున్నవాడి ముందు మంచి మాట అనాలంటే ఆ మాట నిజమై ఉండాలి. అందుకే పుట్టినరోజు పండుగకు విలువ. అది స్నేహితుడు వింటుండగా నిజం చెప్పే అవకాశం.

నిజం చెప్పడం అంటే? మన సన్మాన సభల్లో అందరికీ ఒకే మాటలు: ‘మృదుస్వభావి, స్నేహశీలి, నిరాడంబరుడు.’ పేరు మార్చి ఈ పత్రం ఎవరికైనా ఇవ్వవచ్చు. ఎవరికైనా సరిపోయే పొగడ్త ఎవరికీ చెందదు. మా స్నేహితుడి విషయంలో నేను యువకులకు చెప్పింది ఇదే. ‘గొప్ప ఉపాధ్యాయుడు’ అనకండి. ఆయన చేసింది చెప్పండి. తల్లిదండ్రులు బెంగుళూరుకు వలసపోయిన నెలల్లో, అవ్వల దగ్గర మిగిలిపోయిన పిల్లలు బడి మానకుండా సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాడని చెప్పండి. ఒకటో తరగతి పిల్లకు ‘నీళ్లు’ అనే మాట రాకపోతే తిట్టకుండా తనే ‘పాణి’ అని, తరవాత ‘నీళ్లు’ అని, ఆ తరవాత తన భాషలో ‘నీరు’ అని మూడూ పలకమీద రాశాడని చెప్పండి. కోపం ఎక్కువని కూడా చెప్పండి. కోపం వచ్చిన రోజు మధ్యాహ్నం తనే వచ్చి పిల్లల మధ్య కూర్చుని అన్నం తినేవాడని కూడా చెప్పండి. లోపం దాచిన పొగడ్తలో మనిషి ఉండడు, బొమ్మ ఉంటుంది. లోపంతో సహా ప్రేమించామని తెలిస్తేనే స్నేహితుడికి ధైర్యం.

మా తండా ఏం నిర్ణయించింది

చివరికి ఆయన్నే అడిగారు. ఆయన నవ్వి, ‘మన ఊరి ఎండకు శాలువా కప్పుతారా? నన్ను ఉడకబెట్టి పంపిస్తారా?’ అన్నారు. తరవాత కాసేపాగి, ‘ఈ ఏడు ఒకటో తరగతిలో ఎంతమంది చేరతారో అది చూడండి’ అన్నారు.

ఆ మాట బరువు ఉపాధ్యాయులకు తెలుసు. తండా బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నారు. మడకశిరకో హిందూపురానికో పోయే ప్రైవేటు బడి వ్యాను పొద్దున్నే తండా చివర నిలబడుతుంది. పిల్లలు తగ్గిన చిన్న బడులు పక్క బడుల్లో కలిసిపోవడం చూస్తూనే ఉన్నాం. ఆయన్ను సన్మానిద్దామన్న యువకుల్లో కొందరి పిల్లలు కూడా ఆ వ్యానులోనే పోతున్నారు. ఆయన అది ఎత్తి చూపలేదు. ఎవరినీ నిందించలేదు. కాని అందరికీ అర్థమైంది. పిల్లల చదువు విషయంలో తల్లిదండ్రులకు స్వేచ్ఛ ఉంది, దాన్ని నేను కాదనను. నా ప్రశ్న ఒకటే. ఒక మనిషి బతుకంతా పోసి పెంచిన చెట్టు ఎండుతుంటే, ఆ చెట్టు కిందే నిలబడి ఆయనకు దండ వేయగలమా? వేస్తే అది ఎవరి కోసం?

చర్చ చివర మూడు పనులు అనుకున్నారు. డబ్బు వసూలు లేదు. ఆయన దగ్గర చదువుకున్న ప్రతి ఒక్కరూ ఆయన తరగతిలో జరిగిన ఒక్క రోజు గురించి ఒక పేజీ రాయాలి. రాయడం రానివాళ్లు చెబితే పిల్లలు రాస్తారు. రెండోది, తండా పెద్దల దగ్గర గోర్ బోలి మాటలు సేకరించాలి. విత్తనాల పేర్లు, గాలుల పేర్లు, పశువుల రోగాల పేర్లు. ప్రతి మాట పక్కన అది చెప్పిన అవ్వ పేరు, తాత పేరు రాయాలి. మూడోది, కొన్ని ఇళ్లవాళ్లు తమ పిల్లలను ఈ ఏడు తండా బడిలో చేర్చి, బడికి కావలసింది ఏమిటో తామే పట్టించుకుంటామన్నారు. బడిలో లోపాలుంటే బయటినుంచి తిట్టడం కాదు, లోపలికి వచ్చి అడుగుతామన్నారు. ఎన్ని ఇళ్లు నిలబడతాయో జూన్‌లో తెలుస్తుంది.

ఇందులో రెండో పని నాకు ఎక్కువ నచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, గోండి, బంజారా వంటి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తయారుచేసి మాతృభాషలో చదువు మొదలుపెట్టారు. అదెంత అవసరమో తరగతిలో నిలబడినవాడికి తెలుసు. కాని పుస్తకం వచ్చినా రాకపోయినా మాటలు మన దగ్గర ఉండాలి కదా. స్నేహితుడి పుట్టినరోజు పేరుతో ఒక తండా తన మాటలను తానే లెక్కబెట్టుకుంటే, ఆయన మన దగ్గర నేర్చుకున్నదాన్ని మనమే మళ్లీ నేర్చుకున్నట్టు అవుతుంది.

ఒక్కరి కోసం మొదలై అందరికీ చేరాలి

మా తండాలు తరతరాలుగా జరుపుకునే పుట్టినరోజు ఒకటే ఉంది. సేవాలాల్ మహారాజ్‌ది. 1739 ఫిబ్రవరి 15న మన అనంతపురం జిల్లా గుత్తి వైపు, ఇప్పుడు సేవాగడ్ అనే చోట పుట్టాడని చెప్పుకుంటాం. ఆ రోజు నిప్పులో భోగ్ వేసి మొక్కుతాం. ఆ మొక్కులో ఏం అడుగుతాం? ఆయనకు జై కొట్టి ఊరుకోం. పశువులు, పిల్లలు, పొరుగువాళ్లు, చివరికి చీమలు కూడా చల్లగా ఉండాలని అడుగుతాం. ఒకరి పుట్టినరోజున అందరి మేలు అడగడం మన పద్ధతి. కొత్తగా వచ్చిన పుట్టినరోజు పండుగను ఈ పాత పద్ధతిలో కొలిచి చూడండి. ఆ పండుగ అయిపోయాక మేలు ఎవరికి మిగిలింది? ఫ్లెక్సీ అంగడికా, ఫొటోలో నిలబడినవాడికా, లేక స్నేహితుడు ఎవరి కోసం బతికాడో వాళ్లకా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తోటి ఉపాధ్యాయులారా, మీ ఊళ్లో కూడా ఇలాంటి మనిషి ఒకరుంటారు. మంత్రసాని అవ్వ కావచ్చు, బోరు రిపేరు చేసే అన్న కావచ్చు, అంగన్‌వాడీ అక్క కావచ్చు. ఆయనకో ఆమెకో తేదీ తెలియకపోతే మంచిరోజు ఒకటి మీరే పెట్టుకోండి. రిజిస్టరులో అయ్యవారు వేసిన తేదీ కంటే మీరు ప్రేమతో పెట్టిన తేదీ తక్కువదేమీ కాదు. ముందు వాళ్ల ఇష్టం అడగండి. ఎవరినీ చిన్నబుచ్చకుండా చేయండి. చేసిన పనిని పేరు పెట్టి, వాళ్లు వింటుండగా చెప్పండి. వాళ్లకు నేర్పినవాళ్లను, అన్నం పెట్టినవాళ్లను పక్కన కూర్చోబెట్టండి. చివరగా, వాళ్లు మోస్తున్న బరువులో ఒక మూట మీ తలకెత్తుకోండి. అరవై ఏళ్ల స్నేహితుడికి అన్నిటికంటే అవసరమైన కానుక అదే. ఇక మీదట ఆ బరువు ఆయన ఒక్కరే మోయనక్కరలేదని ఆయనకు తెలియాలి.